చెమ్మ వెంట

19 అక్టోబర్ 2024, శనివారం

పొద్దున టీ పట్టుకుని ట్రెయిలర్‌లోకి వెళ్తే ముక్కిన వాసన. నాలుగు రోజులు ముసురు పట్టి నిన్న సాయంత్రం తెరిపి ఇచ్చింది. ఈ నాలుగు రోజులూ తలుపు మూసే ఉంది. తడిసిన గోనెసంచిని మడతపెట్టి మూలన పడేస్తే వస్తుందే, అదే వాసన.

ఆగస్టులో బండి కొన్నప్పుడు ఈ వాసన లేదు. సియాటెల్ వైపు జులై, ఆగస్టుల్లో చినుకు అరుదు. అమ్మినాయన కిటికీలన్నీ బార్లా తీసి ఉంచాడు. ఎండలో చూస్తే ఏ కప్పయినా గట్టిగానే కనిపిస్తుంది. పాత ట్రెయిలర్ కొనేవాళ్లు ఎవరైనా ఇప్పుడు నన్నడిగితే వానల్లోనే చూడమంటాను.

2009లో తయారైన బండి, పొడవు 21 అడుగులు. కట్టె చట్రం, బయట అల్యూమినియం రేకులు, లోపల పలచటి ప్లైవుడ్ పలకలు, రెండింటి మధ్య ఫైబర్‌గ్లాస్ దూది, పైన రబ్బరు కప్పు. ఆ కప్పు మధ్యలో ఉన్న వెంట్ పక్కన, లోపలి పలక మీద జొన్నరొట్టె అంత మరక పడింది. నడుమ లేతగా, అంచున ముదురుగా ఉంది. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయింది.

మే నెలలో అమ్మా బాపూ వస్తున్నారు. బాపు మోకాళ్లకు మెట్లు పడవు, రాత్రి రెండుసార్లు లేవాలి. ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే బాత్రూము, మంచం పక్కపక్కన ఉండాలి. ఈ ట్రెయిలర్ కొన్నదే అందుకు. సముద్రాన్ని బాపు ఒక్కసారి చూశాడు, మచిలీపట్నంలో, ఎవరిదో పెండ్లికి పోయి. అక్కడ కూడా పడుకున్నది లాడ్జిలోనే. ఇక్కడ పసిఫిక్ తీరంలో కలేలాక్ దగ్గర ఒడ్డు మీదనే బండి నిలుపుకోవచ్చు, రాత్రంతా అలల చప్పుడు వినబడుతుంది. అది ఆయనకు వినిపించాలని నా ఆశ.

26 అక్టోబర్, శనివారం

తేమ మీటరు వచ్చింది. రెండు సూదులు ఉంటాయి. కట్టెలో గుచ్చితే వాటి మధ్య కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, నీరు ఎంత శాతమో చెబుతుంది. సూది గుచ్చితే బెజ్జం పడుతుంది కాబట్టి అరల లోపలా మంచం కిందా గుచ్చాను.

వంటగట్టు వెనక 12. తలుపు పక్కన 13. వెంట్ దగ్గర మరక మీద 24. అక్కడిదాకా అనుకున్నట్టే వచ్చింది. తర్వాత, ఊరికే చూద్దామని ముందు మంచం కింద ఎడమ మూల గుచ్చాను. 38. మళ్లీ గుచ్చితే మళ్లీ 38. అక్కడ మరక లేదు, మెత్తదనం లేదు. పలక మీది పువ్వుల కాగితం కొత్తదానిలా మెరుస్తోంది. అరచేయి ఆనిస్తే పొడిగానే తగిలింది.

వెంట్ ఉరుస్తున్నదని మా ఆయన అంటున్నారు. మరి ఎనిమిది అడుగుల అవతల, మంచం కింద మూలకు ఆ నీరు ఎలా చేరింది?

2 నవంబర్, శనివారం

దీపావళి హడావిడి తగ్గాక బాపుకి వీడియో కాల్ చేశాను. మరక చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఉరిసిన కాడ సూడకు బిడ్డా. నీళ్లు ఏడికెల్లి దిగినయో సూడు. వాసం పట్టుకొని నడుస్తయి అవి."

మా ఊరి ఇల్లు గూనపెంకుల ఇల్లు. మిరుగం వచ్చేలోపు బాపు కప్పెక్కి పెంకులు సర్దేవాడు. వంటింట్లో పొయ్యి మీద చుక్క పడుతుంటే, పగిలిన పెంకు దేవుడి అర్ర మీద దొరికేది. కింద గిన్నెలు, బొక్కెనలు పెట్టేది మేం. అవి చుక్కల్ని పట్టేవి, అంతే. గోడలోకి దిగే నీటిని ఏ గిన్నె పడుతుంది?

ఇవాళ బాపు గుర్తు చేసింది అదే. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా పక్కింటి మట్టిగోడ కూలింది. ముసురు వారం పడింది. గోడ నిలబడే ఉంది. వాన పోయి ఎండ కాసింది, అందరూ బట్టలు ఆరేసుకున్నారు. ఎండ కాసిన మూడోనాడు పట్టపగలు ఒక్కసారిగా కూలింది. దేవుడి దయ, లోపల ఎవరూ లేరు. ఆ తర్వాత బాపు ముసురు వెలిసిన ప్రతిసారీ వరసగా నాలుగైదు రోజులు తెల్లవారుతూనే గోడల మీద అరచేయి ఆనించి చూసేవాడు. పొద్దుటి పూట చెమ్మ చేతికి తెలుస్తుందట, ఎండెక్కితే తెలియదట.

మట్టిగోడలో చెమ్మ చేతికి చల్లగా తగులుతుంది. ఇక్కడ కాగితం అంటించిన పలక దాన్ని దాచేస్తోంది. బాపు అరచేయి ఈ బండిలో పనిచెయ్యదు. అందుకే మీటరు ఉండాలి.

10 నవంబర్, ఆదివారం

నిచ్చెన వేసి నేనే పైకెక్కాను. పలచటి కప్పు కదా, బరువు ఒకచోట పడకుండా ప్లైవుడ్ ముక్క పరుచుకుని దాని మీద మోకాళ్లతో నడిచాను. రబ్బరు మీద చేయి పెడితే సున్నంలా తెల్లటి పొడి అంటుకుంది. ఈపీడీఎం రబ్బరు ముసలిదైతే అలాగే రాలుతుందట. బండి పక్కల మీద తెల్లటి చారలు దీనివే.

వెంట్ చుట్టూ సిలికాన్ మూడు పొరలు ఉంది. ఇంత మందం. ఎవరో ప్రతి ఏడాదీ మరక చూసి, వెంట్‌నే అనుమానించి, దాని చుట్టూనే పూస్తూ పోయారు. పైగా సిలికాన్ ఈ రబ్బరును సరిగా పట్టుకోదు, అంచుల దగ్గర గోరుతో లేపితే లేచి వచ్చింది. అది ఒకసారి పూశాక ఆ చోట వేరేదీ అతకదు, చివరికి ఇంకో పొర సిలికాన్ కూడా. ప్లాస్టిక్ బ్లేడుతో గీకుతూ కూర్చున్నాను. పావు వంతు కూడా పోలేదు.

23 నవంబర్, శనివారం

మంగళవారం రాత్రి తూర్పు నుంచి వచ్చిన తుఫాను గాలి ఈ ప్రాంతాన్నంతా ఊపేసింది. బాంబ్ సైక్లోన్ అంటున్నారు. లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, మాకు నిన్న రాత్రి వచ్చింది. మూడు రోజులు పిల్లల్ని హాల్లోనే దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టాం. ట్రెయిలర్ మీద కప్పిన నీలం టార్పాలిన్ చినిగి పక్కవాళ్ల దేవదారు కొమ్మకు వేలాడుతోంది. అది ఎగిరే ముందు గాలికి కొట్టుకుని, కప్పు అంచు రబ్బరును ఒకచోట ఒరిపిడి పెట్టింది. ఇంకెప్పుడూ టార్పాలిన్ నేరుగా రబ్బరు మీద వేయను.

మూల: 40 దాటింది. మీటరు అంతకు మించి చెప్పదు.

30 నవంబర్, శనివారం

స్నోహోమిష్ దగ్గర ఒక పొలంలో కొట్టం అద్దెకు దొరికింది. బండి నిలువునా పడుతుంది, పైన నాలుగడుగులు ఖాళీ. యజమాని డెబ్బై దాటిన మనిషి, నలభై ఏళ్లు చెక్క పడవలు బాగుచేశాడట. మేం అడగకుండానే స్క్రూడ్రైవర్ తిరగేసి, పిడితో గోడ పొడుగునా తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. ముందు మూల దగ్గరికి రాగానే చప్పుడు చచ్చిపోయింది. మెత్తగా, బొద్దుగా పలికింది. ఏమీ అనలేదు. నా వైపు చూశాడు.

పడవలవాళ్లు దీన్ని "డ్రై రాట్" అంటారట, ఆ పేరే తప్పంటాడు. పొడి కట్టెను ఏ బూజూ తినదు. తేమ 20 శాతం దాటి, వారాల తరబడి అక్కడే నిలిస్తే అప్పుడు మొదలవుతుంది. ముప్పై చుట్టుపక్కలకు చేరితే దానికి పండగే.

ఇంకో మాట చెప్పాడు, ఇక్కడ రాసి పెట్టుకోవాలి. చలికి కట్టె చల్లబడితే మీటరు తక్కువ చూపిస్తుంది. గది వెచ్చదనానికి లెక్కగట్టి చేసిన పరికరం అది. గడ్డకట్టే చలిలో 17 చూసి సంబరపడొద్దు, అసలు సంఖ్య దానికంటే ఎక్కువే ఉంటుంది.

14 డిసెంబర్, శనివారం

ఇవాళ దారి దొరికింది.

కొట్టం పెద్దాయన సలహా ఇది. వెంట్ తీసేసి, 14 అంగుళాల ఆ చదరపు కంత మీద ప్లైవుడ్ బిగించి, అందులో బెజ్జం చేసి, ఆకులు ఊదే మిషన్ గొట్టం దూర్చాం. కిటికీలు, ఫర్నేసు గొట్టం, ఫ్రిజ్ వెనక జాలీ అన్నీ టేపుతో మూశాం. గాలి మరీ నిండి ఏదీ ఊడకుండా ఒక్క కిటికీ వేలెడు తెరిచి ఉంచాం. లోపలికి గాలి కొడుతుంటే నేను బయట సబ్బునీళ్లు చల్లుతూ వెళ్లాను. సైకిల్ ట్యూబును నీళ్లలో ముంచి పంక్చరు వెతకడం లాంటిదే, ఇక్కడ ట్యూబు 21 అడుగులు.

వెంట్ చుట్టూ గంట క్రితమే సిలికాన్ అంతా పోయింది, కంత అంచు కట్టె బాగానే ఉంది. వెనక గోడ, కిటికీలు, పక్క అంచులు, ఎక్కడా ఒక్క బుడగ రాలేదు. ముందుకొచ్చాం. ఎడమ మూలన, పైన, పసుపు దీపం ఉంది. రాత్రి బండి వెడల్పు తెలియడానికి మూలకొకటి పెడతారు. దాని కింద అంచు నుంచి బుడగలు గుత్తులు గుత్తులుగా పొంగాయి. పాలు పొంగినట్టు. మా పెద్దది "అమ్మా, అక్కడ ఊపిరి తీసుకుంటోంది" అని అరిచింది. ఆ పక్కనే, కప్పు రబ్బరు ముందు రేకు మీదికి వంగే చోట, పట్టీ కింద ఇంకో నాలుగు అంగుళాలు బుడగలు.

దీపం విప్పాం. వెనక స్పాంజి వాషరు ఎండి కుంచించుకుపోయింది. వైరు కోసం గోడలోకి వేసిన కంత బొటనవేలంత ఉంది. వాన వచ్చినప్పుడల్లా నీరు నేరుగా అందులోకి దిగింది. దారిలో డెబ్బై మైళ్ల వేగంతో పోయేటప్పుడైతే ఎదురుగాలే తోసి ఉంటుంది.

ఇప్పుడు మరక సంగతీ అర్థమైంది. వాన నీరు జారిపోవాలంటే ముందు భాగం ఎత్తి నిలపమని అమ్మినాయన చెప్పాడు, అలాగే నిలిపాం. పట్టీ కింద దూరిన నీరు లోపలి పలక మీద, వైరు వెంట వెనక్కి నడిచి, వెంట్ చట్రం దగ్గర దిగింది. దీపం కంతలో పడ్డది మూలకట్టె వెంట నిలువునా కిందికి పోయి మంచం కింద కూర్చుంది. మరక పెట్టిన నీరు తక్కువ. మరక పెట్టకుండా పోయిన నీరే ఎక్కువ.

బాపుకి ఫోటో పంపాను. అక్కడ తెల్లవారుజాము. వెంటనే ఫోన్ మోగింది.

"దొరికిందా?"

"దొరికింది బాపూ."

"ఇగ ఇప్పు. భయపడకుండ ఇప్పు."

22 డిసెంబర్, ఆదివారం

విప్పాం.

మాస్కు పెట్టుకుని, పిల్లల్ని రావద్దని చెప్పి, మంచం కింద పలక కోశాను. దూది తడిసి బరువెక్కి ముద్దలా కింద కూర్చుంది. పైన సగం గోడకు దూదే లేదు. మూలకట్టె, రెండంగుళాల చదరపుది, అడుగు నుంచి రెండున్నర అడుగుల ఎత్తుదాకా చివికిపోయింది. చేత్తో పిసికితే తడిసిన బెల్లంలా విడిపోయింది. అడుగు దిమ్మె కూడా పోయింది. అక్కడ స్క్రూలు దేన్నీ పట్టుకుని లేవు. ఆ మూలను ఇన్నాళ్లూ నిలబెట్టింది బయటి రేకు మాత్రమే.

ఆ మంచం మీదనే బాపును పడుకోబెట్టాలనుకున్నాను. ఆ వాసన పీలుస్తూ, రాత్రంతా. చాలాసేపు ఆ గోనెసంచి వాసనలో కూర్చుండిపోయాను.

మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. అమ్మేద్దామా అన్నారు. ఎవరికి అమ్ముతాం? ఇంకో ఇంట్లో ఎవరి తండ్రినో ఇక్కడ పడుకోబెడతారు. వద్దన్నాను.

12 జనవరి 2025, ఆదివారం

ఆరబెట్టడం. మూడు వారాలుగా వేరే పని లేదు. కుళ్లిందంతా గట్టి కట్టె తగిలేదాకా, దాని మీద ఇంకో అర అడుగు కలిపి కోసేశాం. గోడ తెరిచే ఉంది. ఒక చిన్న ఫ్యాను, ఒక డీహ్యుమిడిఫయరు, ఒక కరెంటు హీటరు పెట్టాం.

కొట్టంలో పెద్ద గ్యాస్ హీటరు ఒకటి ఉంది, క్షణాల్లో వేడెక్కిస్తుంది. వాడుతానంటే పెద్దాయన ఒప్పుకోలేదు. ప్రొపేన్ కాలితే నీరు పుడుతుంది. లెక్క వేసి చూశాను. కిలో గ్యాస్ కాలితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరై గాలిలో కలుస్తుంది. ఆరబెట్టే గదిలోకి నీరు పోసుకున్నట్టే అవుతుంది.

కొలతలు, మిగిలిన మూలకట్టె మీద, వారం వారం: 34, 26, 21. మొదట గబగబా దిగింది, ఇప్పుడు ఒక్కో అంకె కోసం రోజులు పడుతోంది. పైపై నీరు పోయింది, కట్టె కణాల్లో ఉన్నది కదలాలి. పోల్చుకోవడానికి ఎన్నడూ తడవని వెనక గోడలో ఒకచోట సున్నపు గీత గీసి రోజూ అక్కడా గుచ్చుతున్నాను. ఇవాళ అక్కడ 15. ఈ ప్రాంతపు చలికాలంలో, ఆరుబయటి గాలికి అంతకంటే ఎండదు. కాబట్టి 12 కోసం ఎదురుచూడటం తప్పు. ఈ మూల ఆ గోడతో సమానమైతే చాలు.

మా ఆయనకు తొందర. పైన కంత మూసేస్తే పనైపోతుంది కదా, మిగతాది మెల్లగా దానంతటదే ఆరుతుంది కదా అంటున్నారు. ఎక్కడికి ఆరుతుంది? బయట రేకు, పైన రబ్బరు, లోపల కాగితం. మూడు వైపులా మూసి పెట్టెలో పెట్టినట్టు. మన పాత ఇళ్ల గోడలు తడిసేవి, మళ్లీ గాలికి ఆరేవి. ఈ గోడకు ఆరే దారి లేదు. తడి మీద మూత వేస్తే ఇన్నేళ్లుగా జరిగిందే మళ్లీ జరుగుతుంది. ఈ విషయంలో ఆయనతో గట్టిగానే మాట్లాడాను, పండగ ముందు.

14 జనవరి, మంగళవారం

సంక్రాంతి. సకినాలు కాల్చాను. రాత్రి ఆయన ఒక్కరే కొట్టానికి వెళ్లి, డీహ్యుమిడిఫయరు బకెట్టు పారబోసి, కొలిచి వచ్చారు. నోట్‌బుక్‌లో ఆయన చేతిరాత: 20.

9 ఫిబ్రవరి, ఆదివారం

16. వెనక గోడ 15.

మిగిలిన కట్టెకు బోరేట్ ద్రావణం రెండుసార్లు పట్టించాం, దాక్కున్న బూజు చావాలని. అది నీళ్లలో కలిపేది కావడంతో మళ్లీ పది రోజులు ఆగాలి. ఆగుతాం.

1 మార్చి, శనివారం

కొత్త మూలకట్టె, కొత్త దిమ్మె కూర్చాం. పాత కట్టెకు పక్కన ఇంకో కట్టె ఆనించి, జిగురు పూసి, స్క్రూలు బిగించాం. కోతలన్నీ పెద్దాయన రంపంతో నేనే కోశాను.

మూల పట్టీ కింద పాత పుట్టీ టేపు ఎండిన చెరువు మట్టిలా పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. దాని చోట బ్యూటైల్ టేపు వేశాం. అది ఏళ్ల తరబడి మెత్తగా ఉండి, బండి ఊగినప్పుడు దానితోపాటు సాగుతుంది. రోడ్డు మీద ఈ ఇల్లు అడుగడుగునా వణుకుతుంది కదా, గట్టిపడేది ఏదైనా పగుళ్లు పెడుతుంది. తుప్పు పట్టిన స్క్రూల బదులు స్టెయిన్‌లెస్ స్టీలువి. దీపం వెనక వైరు ఒక్కటి పట్టేంత కంత ఉంచి మిగతాది మూశాం. అంచుల మీద డైకార్ సీలెంట్. చదునైన చోట తనంతట తాను పరుచుకునే రకం, నిలువు చోట జారని రకం. రెండూ చలిలో పట్టవు, 50 డిగ్రీల ఫారెన్‌హీట్ అయినా ఉండాలి. రాత్రంతా హీటరు ఉంచాం.

మంచం కింద పలక మళ్లీ బిగించేటప్పుడు ఒక చదరపు ముక్క వదిలి, దానికి చిన్న తలుపు పెట్టించాను. మూలకట్టె అడుగు అందులోంచి కనిపిస్తుంది. చేయి పడుతుంది.

23 మార్చి, ఆదివారం

నిన్న రాత్రి మొదటిసారి నలుగురం అందులో పడుకున్నాం, ఇంటి ముందే. పొయ్యి మీద అన్నం, పప్పుచారు చేశాను. చలి, అన్నీ బిగించి పడుకున్నాం. తెల్లవారుజామున నుదుటి మీద చుక్క పడింది. కళ్లు తెరిస్తే కప్పంతా చుక్కలు. బయట చినుకు చప్పుడు. ఐదు నెలల పనీ నీళ్లపాలైందనుకుని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను.

టార్చి వేసి చూస్తే చుక్కలు వరసలో ఉన్నాయి. పలకను వాసాలకు బిగించిన ప్రతి స్క్రూ తల కింద ఒకటి, వాసం వాసానికీ సమాన దూరంలో. వానకు వరస ఉండదు. కిటికీ అద్దాలన్నీ చెమర్చి ఉన్నాయి. మీటరు గుచ్చితే చుక్కల పక్కనే 13. బయటి చలిని స్క్రూ లోపలికి లాగుతుంది, నలుగురి ఊపిరీ పొయ్యి ఆవిరీ దాని తల మీద నీరవుతుంది. వెంట్ నాలుగు వేళ్లు తెరిచాను, వంటగట్టు దగ్గర కిటికీ కాస్త. తువ్వాలుతో తుడిచాను. మళ్లీ రాలేదు.

30 మార్చి, ఆదివారం

ఉగాది. వేపపువ్వు దొరకలేదు, కాకరకాయ గీరి వేశాను. రెండు రోజులుగా వాన. మూల: 14. దీపం కింద: 14. వెంట్ దగ్గర: 12.

25 మే, ఆదివారం. కలేలాక్.

నిన్న మధ్యాహ్నం చేరాం. బాపు ఒడ్డు మీద కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా లేవలేదు. రాత్రి పదింటికి వాన మొదలైంది. పసిఫిక్ మీంచి వచ్చే వాన, నేరుగా ముందు గోడకే కొట్టింది. నాకు నిద్ర పట్టలేదు. అమ్మ, పిల్లలు ఒళ్లు తెలియకుండా పడుకున్నారు.

రెండింటికి బాపు లేచాడు, బాత్రూముకేమో అనుకున్నాను. మంచం అంచున కూర్చుని కిందికి వంగి ఆ చిన్న తలుపు తడుముతున్నాడు.

"ఇది ఏందిర?"

"అక్కడ్నే కుళ్లింది బాపూ. చూసుకోవడానికి పెట్టిన."

గడియ తీసి ఇచ్చాను. చేయి లోపలికి పెట్టి, కొత్త కట్టె మీద అరచేయి ఆనించాడు. వాన కొడుతూనే ఉంది. చాలాసేపు అలాగే ఉన్నాడు. నా చేతిలో మీటరు ఉంది, ఇవ్వలేదు.

"ఎండినట్టే ఉన్నది" అన్నాడు. చేయి లుంగీకి తుడుచుకుని తలుపు వేశాడు. "పొద్దుగాల మళ్ల చూద్దాం."